ఈమెయిలు ఉత్తరములను దాచుకొను తీరు

ఉత్తరము వ్రాయుట కంటె, వచ్చిన ఉత్తరమును చెడకుండ దాచుట కష్టము. వెనుక మన యిండ్లలో ఇందుకు రెండు ఏర్పాట్లు ఉండెడివి. కొందఱు వచ్చిన ప్రతి కార్డును గోడకు వ్రేలాడు ఇనుప తీగకు వరుసగా గ్రుచ్చెడివారు. మఱికొందఱు ఒక్కొక్క కవరును విడిగా నుంచి, చెక్కపెట్టె అఱలలో సర్దెడివారు. తీగకు ఖర్చు లేదు, చోటు అక్కఱలేదు, వచ్చిన వరుస చెడదు. కాని నడుమనున్న కార్డు నొకదానిని తీయవలెనన్నచో, దానిపై నున్నవాని నన్నిటిని తీసి మరల గ్రుచ్చవలెను. అఱల పెట్టె చోటు తినును. అయినను ఏ కవరునైనను తక్కినవానిని కదపకుండ తీయవచ్చును. కంప్యూటరులో ఈమెయిలును దాచు పద్ధతులను వివరింపబూనిన మాకు ఈ రెండు ఏర్పాట్లే తగిన పోలికలుగా తోచుచున్నవి.

ఈ ప్రశ్న అందఱిదియు కాదు. పలువురి ఉత్తరములు ఏదో ఒక సంస్థ సర్వరులో నుండును. వారు వానిని ఫోనులోనో, బ్రౌజరులోనో చూచుకొందురు. అవి ఏ రూపమున నిలువయున్నవో వారికి తెలియదు, తెలియవలసిన పనియు లేదు. కాని తమ ఉత్తరములను తమ డిస్కుమీదనే ఉంచుకొని, కమాండ్ లైన్ మీద అక్షరములు కొట్టి చదువుకొనువారు నేటికిని కలరు. మైకేల్ ఎల్కిన్స్ 1995లో ప్రారంభించిన మట్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున పుట్టిన పైన్‌కు వారసురాలగు ఆల్పైన్, యూనిక్స్ కాలము నుండి వచ్చుచున్న మెయిల్‌ఎక్స్ మొదలగునవి వారి పనిముట్లు. ఇట్టి ప్రోగ్రాములు కొన్ని ఏ రూపమున దాచవలెనని వాడుకరినే అడుగును. వాడుకరి ఏమియు చెప్పనిచో, తమకు తోచిన రూపమున దాచును.

ఈ నిర్ణయము చిన్నది కాదు. చదువు ప్రోగ్రామును రేపు మార్చుకొనవచ్చును. ఉత్తరములు మాత్రము ఇరువది ముప్పది సంవత్సరములు వెంట వచ్చును. అందు ఇంటి దస్తావేజుల నకళ్లుండును, జీతపు పత్రములుండును, ఇప్పుడు లేనివారు వ్రాసిన మాటలుండును. ఒక ఉత్తరము పోయినచో, పోయినదని కూడ తెలియకుండ పోవుట ఈ విషయమునందలి పెద్ద అపాయము. కావున ఏ రూపము ఎచ్చట గట్టిది, ఎచ్చట బలహీనమో ముందుగా తెలిసికొనుట మేలు.

మొదటిది ఎమ్‌బాక్స్. ఇది తీగకు గ్రుచ్చిన కార్డుల వంటిది. 1971 నాటి తొలి యూనిక్సులోనే మెయిల్ అను ఆదేశము కలదు. ఎమ్‌బాక్స్ ఆ వంశమునుండి వచ్చినదే. దీనియందు ఒక పెట్టెలోని ఉత్తరములన్నియు ఒకే ఫైలులో ఒకదాని వెంట నొకటి వ్రాయబడి యుండును. ప్రతి ఉత్తరమునకును ముందు ‘ఫ్రమ్’ అను మాటతోను, దాని వెనుక ఒక ఖాళీతోను మొదలగు పంక్తి యుండును. ఆ పంక్తిలో పంపినవారి చిరునామా, వచ్చిన వేళ ఉండును. పిమ్మట శీర్షికలు, ఒక ఖాళీ పంక్తి, ఉత్తరపు పాఠము, చివర మఱియొక ఖాళీ పంక్తి. మరల ‘ఫ్రమ్’ కనబడినచో తరువాతి ఉత్తరము మొదలైనదని గుర్తు. చిరకాలము వాడుకలోనే నడచిన ఈ రూపమునకు 2005లో 4155వ సంఖ్య గల ఆర్‌ఎఫ్‌సీ పత్రము ఒక వివరణ నిచ్చినది.

ఇంత సులభమైన ఏర్పాటులోనే మొదటి చిక్కు దాగియున్నది. ఉత్తరము వ్రాసినవారు తమ పాఠమునందే ఒక పంక్తిని ‘ఫ్రమ్’ అను ఆంగ్లపదముతో మొదలుపెట్టినచో ఏమగును? చదువు ప్రోగ్రాము అచ్చట క్రొత్త ఉత్తరము ఆరంభమైనదని భ్రమించి, ఒక ఉత్తరమును రెండుగా చీల్చును. దీనిని తప్పించుటకై, దాచునపుడే అట్టి పంక్తికి ముందు బాణపు మొన వంటి గుర్తు నొకదానిని చేర్చుట ఆచారమైనది. అయితే ఆ గుర్తు దాచువారు చేర్చినదా, మొదటనే వ్రాసినవారు పెట్టినదా యని తరువాత తెలియదు. ఈ లోపమును సవరించుటకు మఱియొక రీతి వచ్చినది. అందు ఇదివఱకే గుర్తున్న పంక్తికి కూడ ఇంకొక గుర్తు చేర్తురు. చదువునపుడు ఒక్కొక్కటి తీసివేసినచో మొదటి పాఠము యథాతథముగా లభించును. ఇంకొక రీతి ఉత్తరపు పొడవును శీర్షికలో అంకెగా వ్రాసియుంచును. ఈ విధముగా ఎమ్‌బాక్స్ అను ఒక్క పేరు క్రింద నాలుగు రకములు ఏర్పడినవి. ఒక రకము ఫైలును వేఱొక రకముగా చదివినచో ఉత్తరముల హద్దులు తప్పును.

ఆ గుర్తును చేర్చుట వలన మఱియొక నష్టము కలదు. డిజిటల్ సంతకము చేసిన ఉత్తరమున ఒక్క అక్షరము మాఱినను సంతకము చెల్లదు. దాచు పెట్టె చేర్చిన చిన్న గుర్తు వలన నిజమైన ఉత్తరమే దొంగ ఉత్తరముగా కనబడవచ్చును. తెలుగులో వ్రాసిన పాఠము సాధారణముగా బేస్64 అను సంకేతరూపమున ప్రయాణము చేయును. ఆ రూపమునందు పదముల నడుమ ఖాళీలే యుండవు గనుక, అట్టి పాఠమునకు ఈ బాధ లేదు.

రెండవ చిక్కు, ఒకే ఫైలుపై రెండు చేతులు పడుట. క్రొత్త ఉత్తరమును తెచ్చి పెట్టునది బట్వాడా ప్రోగ్రాము. తెఱచి చూచునది చదువు ప్రోగ్రాము. పెట్టెలో 300 ఉత్తరములున్నవనుకొందము. వాడుకరి పదింటిని కొట్టివేసెను. చదువు ప్రోగ్రాము మిగిలిన 290 ఉత్తరములను ఫైలులో తిరిగి వ్రాయుచున్నది. సరిగా ఆ క్షణముననే బట్వాడా ప్రోగ్రాము చివరకు క్రొత్త ఉత్తరము నొకదానిని అంటించినది. చదువు ప్రోగ్రామునకు దాని సంగతి తెలియదు. తాను లెక్కించిన పొడవునకు ఫైలును కత్తిరించును. క్రొత్త ఉత్తరము మాయమగును. పంపినవారు పంపితిమందురు, సర్వరు అందినదనును, పెట్టెలో మాత్రము లేదు.

దీనికి విఱుగుడు తాళము. ఫైలును మార్చదలచిన ప్రోగ్రాము ముందుగా తాళము వేసి, పని ముగిసిన పిదప తీయవలెను. కాని తాళములును పలు తెఱగులు. ప్రక్కన ఒక చిన్న గుర్తు ఫైలును సృష్టించుట ఒకటి. ఆపరేటింగ్ సిస్టము నడిగి తాళము పొందుట మఱియొకటి, అందును రెండు రీతులు కలవు. ఒక ప్రోగ్రాము ఒక రీతిని, ఇంకొకటి వేఱు రీతిని పాటించినచో, ఇద్దఱును తాళము వేసితిమనియే తలంతురు. తలుపు మాత్రము తెఱచియే యుండును. ఫైలు వేఱొక యంత్రమున నుండి నెట్‌వర్కు ద్వారా అందుచున్నచో ఈ అపాయము మఱింత పెరుగును.

మూడవ చిక్కు పరిమాణము. ఒక గిగాబైటు పెట్టె మొదటిలో నున్న రెండు కిలోబైట్ల ఉత్తరమును తీసివేయవలెనన్నచో, దాని వెనుకనున్న పాఠమంతయు ముందునకు జరిపి తిరిగి వ్రాయవలెను. చదివితిమను గుర్తు కూడ ఈ రూపమున ఉత్తరపు శీర్షికలోనే చేరును. కాబట్టి దానికిని ఫైలును మార్చవలసినదే. వ్రాయుచుండగా కరెంటు పోయినచో ఒక ఉత్తరము కాదు, పెట్టె యంతయు ప్రమాదమున పడవచ్చును. ప్రతిరాత్రి మాఱిన ఫైళ్లకు నకలు తీయు ఏర్పాటున్నవారికి, ఒక్క ఉత్తరము వచ్చినను గిగాబైటు ఫైలంతయు మాఱినట్లే లెక్కకు వచ్చును.

అయినను ఎమ్‌బాక్సును నిందించి ఊరకుండరాదు. ఒకే ఫైలు గనుక దానిని ఒక చోటినుండి ఇంకొక చోటికి తీసికొనిపోవుట సులువు. కుదించినచో చక్కగా కుదియును. మొదటినుండి చివరివఱకు ఒక్క బిగిని చదువుటలో డిస్కునకు శ్రమ తక్కువ. దీనిని చదువలేని కమాండ్ లైన్ ప్రోగ్రాము అరుదు. జీమెయిలులోని ఉత్తరములను గూగుల్ వారి టేకౌట్ ద్వారా దింపుకొనువారికి నేటికిని లభించునది ఎమ్‌బాక్స్ ఫైలే. కదలని ఉత్తరములకు ఇది మంచి కట్ట. కదలుచుండు ఉత్తరములకే చాలదు.

ఈ చిక్కులను గుర్తించి, ఉత్తరమునకొక ఫైలు ఉండవలెనను ఊహ చాల ముందుగనే పుట్టినది. అమెరికాలోని రాండ్ సంస్థయందు స్టాక్టన్ గెయిన్స్, నార్మన్ షపైరో అనువారు ప్రతిపాదింపగా, బ్రూస్ బోర్డెన్ మొదలగువారు 1979 నాటికి ఎమ్‌హెచ్ అను ఏర్పాటును రూపొందించిరి. అందు ప్రతి పెట్టెయు ఒక డైరెక్టరీ. ప్రతి ఉత్తరమును 1, 2, 3 అను అంకె పేరు గల ఫైలు. చదువుటకు ఒక ఆదేశము, జాబితాకు ఒక ఆదేశము, జవాబునకు ఒక ఆదేశము వేర్వేరుగా నుండును. దాని వారసుడగు ఎన్‌ఎమ్‌హెచ్ నేటికిని వాడుకలో నున్నది. అయితే తరువాతి అంకె ఏదియని రెండు ప్రోగ్రాములు ఒకేసారి చూచినచో, రెండును ఒకే అంకెను కోరవచ్చును. చదివినవి, చదువనివి అను వివరము వేఱొక ఫైలులో నుండును గనుక అచ్చటను తాళపు బెడద తీఱలేదు.

ఆ బెడదను తీర్చినది మెయిల్‌డిర్. 1990ల నడుమ క్యూమెయిల్ అను ఉత్తరముల సర్వరును నిర్మించిన డేనియల్ బెర్న్‌స్టీన్ దీనిని కల్పించెను. ప్రతి పెట్టెయందును మూడు అఱలుండును: టెంప్, న్యూ, కర్. క్రొత్త ఉత్తరము ముందుగా టెంప్ అఱలో పూర్తిగా వ్రాయబడును. డిస్కుపై సంపూర్ణముగా చేరినదని రూఢియైన పిమ్మటనే న్యూ అఱలోనికి మాఱును. చదువు ప్రోగ్రాము దానిని చూచి కర్ అఱలోనికి చేర్చును. ఫైలు పేరులో ఆ క్షణపు కాలము, బట్వాడా చేసిన ప్రోగ్రాము సంఖ్య, యంత్రము పేరు మొదలగునవి కూర్చబడును గనుక, రెండు ఉత్తరములకు ఒకే పేరు వచ్చుటకు తావు లేదు.

ఇందలి కీలకము గ్రహింపదగినది. ఒక అఱనుండి మఱియొక అఱకు మాఱుట యనగా ఫైలు పేరు మాఱుటయే; పాఠమును తిరిగి వ్రాయుట కాదు. పేరు మాఱుట యను పని సగము జరుగదు. జరిగినచో జరిగినది, లేనిచో లేదు. కాబట్టి న్యూ అఱలో సగము ఉత్తరము ఎన్నడును కనబడదు. నడుమ కరెంటు పోయినచో, టెంప్ అఱలో ఒక తునక మిగులును. 36 గంటలు దాటిన అట్టి తునకలను తొలగించుట నియమము. ఎవరి ఫైలు వారిదే గనుక తాళముతో పని లేదు. ఇంటిలోని యంత్రమునందు మట్ తెఱచియుండగా, బట్వాడా ప్రోగ్రాము ఎన్ని ఉత్తరములను తెచ్చి వేసినను ఒకదానికొకటి అడ్డు రావు.

చదివితిమి, జవాబిచ్చితిమి అను గుర్తులు కూడ మెయిల్‌డిర్‌లో ఫైలు పేరు చివరనే యుండును. ఎస్ అనగా చదివినది, ఆర్ అనగా జవాబిచ్చినది, ఎఫ్ అనగా ప్రత్యేకముగా గుర్తు పెట్టినది, టి అనగా కొట్టివేయదలచినది, డి అనగా చిత్తుప్రతి, పి అనగా ఇతరులకు పంపినది. గుర్తు మాఱినచో పేరు మాఱును. ఉత్తరపు పాఠమున ఒక్క అక్షరమైనను చెదరదు. సంతకములు చెల్లుబాటగుచునే యుండును.

అయితే మెయిల్‌డిర్ కూడ కొంత వెల పుచ్చుకొనును. సాధారణ డిస్కులలో చోటు 4096 బైట్ల బ్లాకులుగా పంచబడును. 5000 బైట్ల ఉత్తరము రెండు బ్లాకులను, అనగా 8192 బైట్లను ఆక్రమించును. ప్రతి ఫైలునకును ఐనోడు అను ఒక నమోదు కూడ కావలెను. లినక్సులోని ఎక్స్‌ట్4 ఏర్పాటు, మనము వేఱుగా కోరనిచో, ప్రతి 16384 బైట్ల చోటునకు ఒక ఐనోడు చొప్పున కేటాయించును. ఆ లెక్కను పది గిగాబైట్ల చిన్న విభాగమున దాదాపు ఆఱున్నర లక్షల ఫైళ్లకు మాత్రమే తావుండును. చోటు మిగిలియుండగనే ఫైళ్ల సంఖ్య నిండిపోవుట సాధ్యమే. చిన్న ఉత్తరములు లక్షలుగా గలవారు దీనిని ముందుగా లెక్కించుకొనవలెను.

వేగమును గూర్చియు ఒక మాట. ఏబదివేల ఉత్తరములున్న అఱను మొదటిసారి తెఱచునపుడు, శీర్షికలను చూపుటకై ప్రతి ఫైలును తెఱచి చూడవలసివచ్చును. మట్‌లో శీర్షికలను వేఱొకచోట గుర్తుంచుకొను అమరిక యున్నది. దానిని పెట్టుకొన్నచో రెండవసారినుండి ఆలస్యము చాల తగ్గును. విండోస్‌లో ఫైలు పేరునందు కోలన్ గుర్తు చెల్లదు. మెయిల్‌డిర్ గుర్తులకు ముందు వచ్చునది ఆ కోలనే. కావున ఈ అఱలను విండోస్ డిస్కుమీదికి మార్చుకొనువారికి ఇబ్బంది కలుగును. గుర్తు మాఱినప్పుడెల్ల పేరు మాఱుటచే, కొన్ని నకలు ప్రోగ్రాములు దానిని క్రొత్త ఫైలుగా భావించి మరల నకలు తీయును.

ఇక వెదకుట. తెలుగువారికి ఇది ముఖ్యము. తెలుగు లిపిలోని ఒక్కొక్క సంకేతమును యూటీఎఫ్-8 మూడు బైట్లుగా వ్రాయును. బేస్64 రూపమున అది నాలుగు అక్షరములగును. కోటెడ్ ప్రింటబుల్ అను రూపమున తొమ్మిది యగును. డిస్కుమీద నున్నది ఆ సంకేతరూపమే. కాబట్టి గ్రెప్ ఆదేశముతో ‘అమ్మ’ అను మాటను వెదకినచో, ఎమ్‌బాక్సులోనైనను మెయిల్‌డిర్‌లోనైనను బేస్64 ఉత్తరములలో దొరకదు. ఉత్తరము లేదని కాదు, ముసుగులో నున్నది. ముసుగు తీసి చూచు ప్రోగ్రాము కావలెను. మట్ తన వెదకులాటలో ముందు సంకేతమును విప్పి చూడగలదు. 2009లో కార్ల్ వర్త్ ప్రారంభించిన నాట్‌మచ్ అను ప్రోగ్రాము ఉత్తరములన్నిటికిని ముందే పదసూచిక తయారుచేసికొని, క్షణములో వెదకి యిచ్చును. కాని నాట్‌మచ్ ఉత్తరమునకొక ఫైలునే కోరును. ఐమ్యాప్ సర్వరునుండి ఉత్తరములను దింపి సరిచూచు ఎమ్‌బీసింక్, ఆఫ్‌లైన్‌ఐమ్యాప్ అను పనిముట్లును మెయిల్‌డిర్‌లోనే దాచును. ఈ పనిముట్లను కోరువారికి ఎంపిక సగము ముగిసినట్లే.

ఇన్ని చెప్పిన పిదప శ్రోతలు నిర్ణయమేమని అడుగుదురు. మేము మూడు ప్రశ్నలు వేసికొనుమందుము. ఒకే పెట్టెను ఎన్ని ప్రోగ్రాములు ముట్టుకొనుచున్నవి? ఉత్తరములు ఎంత తఱచుగా చేరుచు, తొలగుచు నున్నవి? వెదకుటకు, దింపుటకు వాడదలచిన పనిముట్లు ఏ రూపమును కోరుచున్నవి? దినదినము వచ్చిపోవు ఉత్తరములకు మెయిల్‌డిర్ తగినదని మా అభిప్రాయము. గడచిన సంవత్సరముల ఉత్తరములను, ఇక మార్పులేదని తేలిన పిదప, సంవత్సరమున కొక ఎమ్‌బాక్స్ ఫైలుగా కట్టి, కుదించి, చదువుటకు మాత్రమే అనుమతి నుంచి దాచవచ్చును. ఇదివఱకే ఎన్‌ఎమ్‌హెచ్‌కు అలవాటుపడినవారు దానిని విడువనక్కఱలేదు. మెయిల్‌డిర్ కొఱకు చేతి అలవాటును మార్చుకొనుట ఎల్లరకును లాభము కాదు. మట్ ఈ మూడు రూపములను తానే గుర్తించి చదువును. క్రొత్త పెట్టెను మాత్రము, వేఱుగా చెప్పనిచో, ఎమ్‌బాక్సుగా సృష్టించును. కావున మెయిల్‌డిర్ కోరువారు ఆ అమరికను మొదటిరోజుననే మార్చవలెను.

ఒక రూపమునుండి మఱియొక రూపమునకు మాఱువారు తొందరపడరాదు. ముందుగా బట్వాడాను ఆపవలెను. పాత ఫైలునకు నకలు తీసి వేఱొక డిస్కులో నుంచవలెను. పిమ్మట మట్‌లో పాత పెట్టెను తెఱచి, అన్ని ఉత్తరములను గుర్తించి, క్రొత్త మెయిల్‌డిర్‌లోనికి నకలు చేయవచ్చును. అటుపై లెక్క చూడవలెను. పాత ఫైలులో ‘ఫ్రమ్’తోను ఖాళీతోను మొదలగు పంక్తు లెన్ని? న్యూ, కర్ అఱలలోని ఫైళ్లు ఎన్ని? రెండు సంఖ్యలు సమానము కానిచో, ఎచ్చటనో పాఠములోని పంక్తి హద్దుగా భ్రమ గొల్పినదని అనుమానింపవలెను. సంఖ్య సరిపోయినను అంతటితో తృప్తి చెందక, మొదటి ఉత్తరమును, చివరి ఉత్తరమును, జోడింపు గల దానిని, తెలుగు పాఠము గల దానిని తెఱచి చూడవలెను. తేదీలు, చదివిన గుర్తులు నిలిచినవో లేదో గమనింపవలెను. కొన్ని నెలలు గడచువఱకు పాత ఫైలును పాఱవేయరాదు.

ఏ రూపము నెన్నుకొన్నను ఒక్క మేలు మాత్రము అన్నిటికిని సమానము. ఇవన్నియు సాదా ఫైళ్లు. నేటి ప్రోగ్రాము రేపు లేకపోయినను, వీనిని విప్పి చదువు పనిముట్టును మఱియొకరు వ్రాసికొనగలరు. అట్లని డిస్కు చెడినపుడు మెయిల్‌డిర్‌గాని ఎమ్‌బాక్స్‌గాని కాపాడజాలవు. అచ్చట కాపాడునది వేఱొక చోట నున్న రెండవ ప్రతియే. దానిని ఏడాది కొకసారియైనను తెఱచి, ఉత్తరములు చదువ వచ్చుచున్నవో లేదో చూచుకొనుట ప్రతి వాడుకరికిని విధి.